ఉత్తర్వు వచ్చింది, అమలు ఎప్పుడు?
(మానవ హక్కుల దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను న్యాయవాదిని కాను, ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. కాబట్టి ఒక ఫైలు కథే మనవి చేస్తాను. అది బ్రిటన్‌లోని ఉత్తర ఐర్లాండ్‌కు సంబంధించినది.

అక్కడ 1998 చట్టం కింద ప్రాంతీయ శాసనసభ, మంత్రివర్గం ఏర్పడ్డాయి. ఆరోగ్యం వారి శాఖ. కాని అంతర్జాతీయ ఒప్పందాలపై సంతకం చేసేది లండన్ ప్రభుత్వం. రేపు సంజాయిషీ చెప్పుకోవలసిందీ అదే. అందుకే ఆ ఒప్పందాలకు విరుద్ధమైన పనిని ఆపమనడానికి, అవసరమైన పనిని చేయమనడానికి లండన్ మంత్రికి ఆ చట్టం 26వ సెక్షన్‌లో అధికారం ఇచ్చారు.

ఇక అసలు విషయం. గర్భస్రావం విషయంలో అక్కడ 1861 నాటి చట్టమే నడిచేది. అత్యాచారానికి గురైన స్త్రీకి గాని, బిడ్డ బతకదని డాక్టర్లు చెప్పిన తల్లికి గాని మినహాయింపు లేదు. ఎందరో సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చేది. ఇది స్త్రీల హక్కుల ఉల్లంఘనే అని 2018లో ఐక్యరాజ్యసమితి కమిటీ తేల్చింది. ఆ సమయానికి ప్రాంతీయ మంత్రివర్గమే పనిచేయడం లేదు. 2019లో బ్రిటిష్ పార్లమెంటు తానే చట్టం చేసి, అక్టోబరు 22 నుంచి ఆ నేరాన్ని తొలగించింది. 2020 మార్చి 31న నిబంధనలూ వచ్చాయి.

ఫైలు ముగిసిందా? లేదు. కొన్ని ఆస్పత్రులు పరిమితంగా సేవ మొదలుపెట్టినా పూర్తి ఏర్పాటు జరగలేదు. ఎన్నికైన మా సభ ఉండగా లండన్ పెత్తనమేమిటని అక్కడ కొందరు అభ్యంతరం చెప్పారు. అది తీసిపారేయదగిన మాట కాదు. కాని వారు వాదించుకునేంత కాలం రోగి ఆగలేదు కదా! 2021 జూలైలో లండన్ మంత్రి ఆదేశం ఇచ్చి, 2022 మార్చి 31 గడువు పెట్టారు. గడువు దాటిపోయింది. ఆ మే నెలలో మళ్ళీ నిబంధనలు. చివరకు డిసెంబరులో సేవలు ఏర్పాటు చేయవలసిందిగా ఆరోగ్య శాఖకు లండన్ నుంచే ఆదేశం వెళ్ళింది. చట్టం వచ్చిన మూడేళ్ళకు!

మనకూ ఇలాంటి అధికారాలున్నాయి. ఒప్పందాల అమలుకు రాష్ట్ర విషయాలపైనా పార్లమెంటు శాసనం చేయవచ్చునని రాజ్యాంగం 253వ అధికరణం చెబుతుంది. పార్లమెంటు చట్టాలను పాటించేలా కేంద్రం రాష్ట్రాలను ఆదేశించవచ్చునని 256 చెబుతుంది.

అయితే జి.ఓ.కూ ట్రెజరీకీ మధ్య ఎంత దూరమో పింఛనుదార్లకు వేరే చెప్పాలా? ఏ హక్కు ఉత్తర్వులోనైనా మూడు చూడండి: చేయవలసిన అధికారి ఎవరు, ఏ తేదీలోగా, ఏ పద్దు నుంచి. ఈ మూడూ లేనిది ఉత్తర్వు కాదు, ఉత్త కాగితం.