వార్తను మోయువాని బాధ్యత



దూతను చంపరాదని రావణుని కొలువులో విభీషణుడు వాదించిన ఘట్టము అందరు నెరిగినదే. వాదము నెగ్గినది, హనుమంతుని ప్రాణము దక్కినది. అయినను తోకకు నిప్పు తప్పలేదు. నేడు అంతర్జాలములో ఇతరుల వార్తలను మోయువారి స్థితియు ఇంచుమించు ఇట్టిదే.

ఆ మోత యెట్టిదో రైలు పార్సెలుతో పోల్చి చూడవచ్చును. తాండూరులో ఒకడు మూడు పొరల పార్సెలు నిచ్చెననుకొనుడు. అక్కడి గుమాస్తా పై పొర విప్పగా ‘వికారాబాదునకు పంపుము’ అని మాత్రమే యుండును. వికారాబాదు గుమాస్తాకు అది తాండూరునుండి వచ్చినదనియు, సికింద్రాబాదునకు పోవలెననియు తప్ప వేరేమియు తెలియదు. సికింద్రాబాదు గుమాస్తా కడపటి పొర విప్పి చేరవలసిన యింటికి చేర్చును, పంపినవాని నతడెరుగడు. టార్ అను వ్యవస్థలో ఈ గుమాస్తాల పని చేయు కంప్యూటరులకే రిలేలని పేరు. పలు దేశములలో స్వచ్ఛంద సేవకులు వీనిని నడుపుచున్నారు. విలేఖరులును, నిర్బంధములు గల దేశముల ప్రజలును దీని నాశ్రయింతురు. మోసగాండ్రును ఆశ్రయింతురు.

చిక్కంతయు మూడవ గుమాస్తాదే. అందుకొన్నవానికి కనబడునది అతని చిరునామా. పాత పహాణీలో పట్టాదారు గడి వేరుగను, అనుభవదారు గడి వేరుగను ఉండెడివి. అంతర్జాలపు చిరునామాకు ఒక్క గడియే. 2017 ఏప్రిలులో మాస్కోలో ఇట్టి రిలే నడిపిన గణితోపాధ్యాయుని, ఎవరో పంపిన వ్రాతలకై బంధించిరి. నెలల తరబడి చెరలోను, పిదప గృహనిర్బంధములోను ఉంచి, మరుసటి యేట ఆరోపణలు విరమించిరి.

మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 79వ సెక్షను మధ్యవర్తికి రక్షణ నిచ్చుచున్నది. వార్తను తాను పుట్టింపరాదు, అందుకొనువానిని తానెన్నుకొనరాదు, అందలి విషయమును మార్చరాదు, తగిన జాగ్రత్త వహింపవలెను. నేరమునకు తోడ్పడినచో రక్షణ లేదు. ఈ రూపము 2009 అక్టోబరు 27న అమలులోనికి వచ్చినది.

మనకు దగ్గరి వ్యాజ్యము విశాఖ ఇండస్ట్రీస్, గూగుల్ ఇండియాలది. ఆస్బెస్టాస్ రేకుల విషయమై 2008లో గూగుల్ వేదికపై ఇతరులు వ్రాసిన వ్యాసములకై విశాఖ సంస్థ సికింద్రాబాదు మేజిస్ట్రేటు ఎదుట పరువునష్టపు ఫిర్యాదు చేసెను. దానిని కొట్టివేయుమన్న గూగుల్ కోరికను 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించెను. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, సవరణకు పూర్వపు 79వ సెక్షను పరువునష్టపు నేరమునకు అడ్డు రాదని చెప్పి, తక్కిన వివాదమును విచారణకే విడిచెను. విచారణ జరుగవలెనా అను ప్రశ్నకే పదునొకండు సంవత్సరములు! ఆ వేదిక వ్రాతలను నిలువయుంచునది, రిలే ఉంచదు. ఆ భేదము రిలే నడుపువానికి అనుకూలమే. కాని దానిని చెప్పుకొనుటకైనను న్యాయస్థానపు మెట్లెక్కవలెను గదా.

2022 ఏప్రిలు 28న సర్ట్-ఇన్ సంస్థ, వీపీయన్ సేవల నిచ్చువారు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు 5 సంవత్సరములు భద్రపరుపవలెనని ఆదేశించినది. రిలే నడుపువానికి ఖాతాదారులే లేరు. ‘ఎరుగను’ అను మాట నిజమే యైనను దర్యాప్తు చేయువారికి సాకువలె వినబడును. తాండూరులో ఒక యువకుడు తండ్రి పేరిటనున్న కనెక్షనుపై చివరి రిలే నడిపినచో మొదటి పిలుపు వచ్చునది తండ్రికే. నడిమి రిలేకు, అనగా మన వికారాబాదు గుమాస్తాకు, ఈ బెడద చాల తక్కువ.

అమెరికాలోని లెబనాన్ పట్టణపు కిల్టన్ గ్రంథాలయము 2015లో అట్టి నడిమి రిలేనే నెలకొల్పినది. పోలీసులు వచ్చి ప్రమాదములను వివరింపగా కొన్నాళ్లు ఆపివేసిరి. పాలకవర్గము ఊరివారిని సమావేశపరచి, వారి మాట విని, సెప్టెంబరు 15న దానిని తిరిగి నడుప నిశ్చయించెను.