వైద్యవిద్యార్థికి దూరపరీక్ష



వైద్యమున పరీక్ష యను మాటకు రెండర్థములు గలవు. వైద్యుడు రోగిని చూచి వ్యాధిని నిశ్చయించుట మొదటి పరీక్ష. ఆ చూచుట యతనికి పట్టుబడినదో లేదో గురువులు నిశ్చయించుట రెండవది. మొదటిదానిలో పొరపాటు వచ్చినచో ఒక రోగికి కీడు. రెండవదానిలో పొరపాటు వచ్చినచో ఆ వైద్యుని చేతిలో పడబోవు రోగులందరికిని కీడు. ఈ రెండవ పరీక్షను గురువొక యూరను శిష్యుడొక యూరను కూర్చుండి ఫోను తెరమీద జరుపవచ్చునా యనునది నేటి నా ప్రసంగవిషయము. నేను వైద్యుడను గాను, బడిపంతులుగా బ్రతికినవాడను. పరీక్షలు పెట్టుటయందు ముప్పదియేండ్లకు పైబడిన యనుభవము గలదు. అరువదియేండ్లు దాటినవాడను గనుక వైద్యులచేత పరీక్షింపబడుటయందును కొంత యనుభవము సంపాదించితిని.

ఈ ప్రశ్న యూరక పుట్టలేదు. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించెను. అదే నెల 25 నుండి మన దేశమంతట లాక్‌డౌను విధింపబడెను. కళాశాలలు మూతపడెను. వైద్యవిద్యార్థులు రోగుల పడకలయొద్దకు పోవుటకు వీలులేకపోయెను. పాఠములు ఫోనులలోనికి వచ్చినవి. వాని వెంట పరీక్షలును వచ్చినవి. వ్రాతపరీక్షకు మార్గము దొరకినది. చేతితో చేసి చూపవలసిన పరీక్షయే చిక్కు తెచ్చిపెట్టినది.

2021 వేసవిలో మా యన్నగారి మనుమరాలు ముదినేపల్లిలో మా యింటనే యుండెను. ఆమె అప్పటికి వైద్యవిద్యార్థిని. కళాశాలవారు అంతర్గతముగా నొక పరీక్ష పెట్టి, ఇంటిలోనివారిలో నొకరిని రోగిగా పరుండబెట్టి ఉదరపరీక్ష చేసి చూపుమనిరి. రోగిని నేను. పడమటి గదిలో నవారుమంచము వేసి, ఎదుట కుర్చీమీద బియ్యపు డబ్బాకు ఫోను ఆనించి నిలిపిరి. ఆ పిల్ల నాకు నమస్కరించి, తాను చేయబోవు పని చెప్పి, అనుమతి యడిగి, అరచేతులు రుద్ది వెచ్చజేసికొని, నా కుడిప్రక్కన నిలిచెను. ముందు పొట్టను కంటితో చూచెను. పిదప ఊపిరి పీల్చుమని చెప్పుచు, కుడివైపు క్రిందినుండి మెల్లగా పైకి తాకుచు కాలేయపు అంచును వెదకెను. తెరలోని పరీక్షకుడు "చేయి కొంచెము వాల్చు" మనెను, వాల్చెను. "బాగు" అనెను. నడుమ రెండుమారులు సిగ్నలు తెగినది. తెగినప్పుడెల్ల మరల మొదటినుండి చేయవలసివచ్చెను. మూడవమారు ఆమె కన్నులు చెమ్మగిల్లుట నేను చూచితిని. పరీక్షకునికి అది కనబడలేదు.

పరీక్ష ముగిసినది, మంచి మార్కులే వచ్చినవి. నేను సంతోషించితిని గాని ఆమె సంతోషింపలేదు. "చినతాతయ్యా, నా చేయి సరియైన చోట నున్నదని మా మాస్టారు చూచినారు. ఆ చేతికి ఏమి తెలిసినదో ఎట్లు చూడగలరు? నాకు కాలేయపు అంచు తగిలినదో లేదో నాకే నిశ్చయముగా తెలియదు. తగిలినట్లు చెప్పితిని" అని పలికెను. ఆమె మాట నా మనస్సున నాటుకొన్నది. ఈ విషయమున నేను చెప్పదలచిన సారమంతయు ఆ యొక్కమాటలోనే యున్నది.

మన ప్రాచీన వైద్యులు రోగిపరీక్షకు మూడు త్రోవలు చెప్పిరి: దర్శనము, స్పర్శనము, ప్రశ్నము. వాగ్భటుని అష్టాంగహృదయమున నీ మూడును గలవు. నేటి వైద్యకళాశాలలలో చెప్పు క్రమమును దీనికి దూరముకాదు. వారు రోగిని ప్రశ్నించి, చూచి, తాకి, వ్రేళ్లతో తట్టి, స్టెతస్కోపుతో విందురు. ఇందులో ప్రశ్నము తెరమీద చక్కగా సాగును. దర్శనము చాలవరకు సాగును. స్పర్శము సాగదు.

మన ప్రాంతపు దృష్టాంతమే చెప్పెదను. వరిచేలలో కట్లపాము కరచినచో గాటు కంటికి కనబడకపోవచ్చును. రోగి కనురెప్పలు వాలుట మాత్రము కనబడును. దానిని విద్యార్థి గుర్తించునో లేదో ఫోనుమీద పరీక్షింపవచ్చును. కడుపులో పుండు చిల్లిపడి పొట్ట పలకవలె బిగిసినదనుకొనుడు. ఆ బిగువు తెలిసికొనవలసినది వ్రేళ్లే. బొమ్మను చూపి పేరు చెప్పించుట వేరు; చీకటిపడినవేళ ఆసుపత్రికి వచ్చిన మనిషి పొట్టమీద చేయివేసి నిశ్చయించుట వేరు.

సుశ్రుతుడు తన సంహితలో సూత్రస్థానపు తొమ్మిదవ యధ్యాయమును కేవలము చేతి అభ్యాసమునకే కేటాయించెను. కోయుట నేర్చుకొనుటకు గుమ్మడి, సొర, పుచ్చ మొదలగు కాయలను, సిరవేధము నేర్చుకొనుటకు తామరతూడును, కట్లు కట్టుట నేర్చుకొనుటకు గుడ్డబొమ్మను చెప్పెను. శాస్త్రమెంత చదివినను చేయి తిరుగనివాడు కర్మకు పనికిరాడని యాయన మతము. నేడు వైద్యకళాశాలలలో మనిషిబొమ్మలతో నైపుణ్యశాలలు పెట్టుచున్నారు. అది క్రొత్త పేరుతో వచ్చిన పాత బుద్ధియే.

అయినచో ఎదుటనుండి చేయు పరీక్ష దోషరహితమా? కాదు. ఇక్కడ న్యాయముగా మాటలాడవలయును. పూర్వపద్ధతిలో విద్యార్థికి ఒక రోగిని ఒప్పగించి, పిదప పరీక్షకులు ప్రశ్నింతురు. ఒకనికి సులభమైన రోగి దొరకును, మరియొకనికి కఠినమైన రోగి దొరకును. ఒక పరీక్షకుడు శాంతుడు, వేరొకడు కోపిష్ఠి. మన పొరుగున భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియైరి. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను ఆయనకు పూర్తి పట్టము రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చినదని చరిత్రకారులు వ్రాసిరి. తరువాత నమెరికాలో ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు, బోదకాలునకు వాడు హెట్రజాను మందు మొదలగువాని పరిశోధనలకు నాయకుడైనది ఆయనయే. కావున ఎదుటనున్న పరీక్షకుని కన్ను సర్వదా న్యాయమైన కన్ను కాదు.

ఈ దోషమును తగ్గించుటకే స్కాట్లండు దేశమున డండీ నగరపు ఆచార్యుడు రొనాల్డ్ హార్డెను తన సహచరులతో గూడి 1975లో నొక పద్ధతిని ప్రకటించెను. వరుసగా కొన్ని స్థానము లేర్పరతురు. ఒకచోట రోగితో మాటలాడవలయును. ఒకచోట గుండె వినవలయును. ఒకచోట నివేదిక చదువవలయును. గంట మ్రోగగానే విద్యార్థి తరువాతి స్థానమునకు పోవును. అందరికిని అవే పనులు, అదే కాలము, ముందే వ్రాసియుంచిన అవే మార్కులపట్టిక. ఈ పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. దీనిని ఓస్కీ యందురు. కరోనాకాలమున పలుచోట్ల తెరమీది కెక్కించినది ఈ పద్ధతినే.

అమెరికాలో జరిగినది గమనింపదగినది. అచ్చట వైద్యము చేయగోరు విద్యార్థులకు రోగులవలె నటించువారి యెదుట చికిత్సానైపుణ్యము చూపు పరీక్ష యొకటి యుండెను. అది అయిదు నగరములలో మాత్రమే జరిగెడిది. అందుకై తెలుగు విద్యార్థులును సముద్రములు దాటి పోయెడివారు. 2020 మార్చిలో ఆ పరీక్ష నిలిచెను. మొదట దానిని సంస్కరించి మరల పెట్టుదుమనిరి. 2021 జనవరిలో దానిని శాశ్వతముగా ఎత్తివేసిరి. అంత ధనవంతమైన దేశమునకు సైతము దానికి బదులుగా మరియొక పరీక్షను నిలుపుట సులభము కాలేదు.

మన పిల్లలలో మరికొందరి దుఃఖము వేరు. చీనాదేశమున చదువుచు 2020లో ఇంటికి వచ్చి తిరిగి పోలేక చిక్కుకొన్నవారు, 2022 ఫిబ్రవరిలో యుద్ధము మొదలై ఉక్రెయినునుండి వచ్చినవారు, పాఠములు తెరమీదనే విని పట్టములు పొందిరి. ఆ పట్టములు చెల్లునా యని వివాదము సుప్రీంకోర్టువరకు పోయెను. 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము, రోగుల నడుమ శిక్షణ లేక వైద్యుడగుట తగదని తలచి, ఆ విద్యార్థులకు శిక్షణ దొరకు మార్గమును చూపుమని జాతీయ వైద్య కమిషనును ఆదేశించెను. ఆ జూలైలో కమిషనువారు, అర్హతాపరీక్షలో గెలిచిన అట్టివారికి రెండేండ్ల ఇంటర్నుషిప్పు విధించిరి. తల్లిదండ్రులకు అది భారమే. అయినను రోగి పక్షమున చూచినచో న్యాయమని నా తలంపు.

మరి దూరపరీక్ష కేవలము త్యాజ్యమా? అట్లనను. లాక్‌డౌను మొదలైన 2020 మార్చి 25వ తేదీననే దూరవైద్యమునకు నియమములు వెలువడెను. అదే సంవత్సరము ఇ-సంజీవని ద్వారా ఇంటనుండియే వైద్యునితో మాటలాడు వీలు కలిగెను. కావున రేపటి వైద్యుడు తెరమీద రోగిని ప్రశ్నించుట, చూచుట, "ఇది యిచ్చటినుండి తేలదు, వెంటనే ఆసుపత్రికి పొమ్ము" అని సరియైన సమయమున చెప్పుట నేర్వవలయును. ఆ నేర్పును తెరమీద పరీక్షించుటయే యుక్తము. మరియు దూరపు పరీక్షకుడొకడు తెరనుండి చూచుచున్నచో స్థానిక పక్షపాతమునకు కొంత అడ్డుకట్ట. కాని సిగ్నలు తెగినందుకు విద్యార్థి మార్కులు తెగరాదు. స్పర్శకు సంబంధించిన భాగమును గురువు ఎదుట, నిజమైన రోగియొద్ద, ఆలస్యమైనను జరుపకుండ పట్టమీయరాదు. కంటికిని మాటకును తెర చాలవచ్చును. చేతికి చేయియే సాక్షి.

పెద్దలారా, ఇందు మనకును కర్తవ్యము కలదు. 2023లో మచిలీపట్టణమునను ఏలూరునను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2021-22 విద్యాసంవత్సరపు విద్యార్థులు మొదలుకొని, ప్రతి వైద్యవిద్యార్థియు గ్రామములలో కొన్ని కుటుంబములను దత్తత తీసికొని వారి ఆరోగ్యమును గమనింపవలయునని జాతీయ వైద్య కమిషను నిర్ణయించినది. అట్టి పిల్లలు మన వాకిటికి వచ్చి, నాడి చూతుము, రక్తపుపోటు చూతుము అన్నప్పుడు, "మీరింకను డాక్టర్లు కారుగదా" అని పంపివేయకుడు. అరుగుమీద చాపవేసి కూర్చుండబెట్టుడు. చేయి చాచి యిండు. ఒకమారు తప్పు లెక్క చెప్పినను ఓర్చుకొని, మరల చూడనిండు.

మా మనుమరాలు నేడు వైద్యురాలు. చదువు ముగియకముందు ఆసుపత్రిలో నిజమైన రోగియందు కాలేయపు అంచు చేతికి తగిలిన నాటి సాయంకాలము నాకు ఫోను చేసి, "చినతాతయ్యా, ఈసారి నిజముగా తగిలినది" అని చెప్పెను. ఆమె మార్కులు విన్ననాడు కలుగని నమ్మకము నాకు ఆ సాయంకాలము కలిగినది.