పీటర్ కుర్చీ: బొమ్మల కథలో అసూయ

తన మనసులోని భావాన్ని గుర్తించడం, ఎదుటివారి స్థితిని ఊహించడం, కోపాన్ని అదుపు చేసుకోవడం వంటి సామర్థ్యాలను విద్యావేత్తలు సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలంటారు. ఇవి ఉపదేశంతో అలవడడం అరుదు. మంచి బొమ్మల కథ వీటిని మరింత సహజంగా అలవరచగలదు.

అమెరికన్ రచయిత, చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ 1967లో వెలువరించిన ‘పీటర్స్ చెయిర్’లో, తన ఉయ్యాలకూ భోజనపు కుర్చీకీ చెల్లెలి కోసం గులాబీ రంగు వేయడం చూసిన పీటర్, ఇంకా రంగు పడని తన చిన్న కుర్చీని తీసుకొని, పెంపుడు కుక్కతో ఇల్లు విడుస్తాడు. తీరా కూర్చోబోతే అందులో పట్టడు. తాను ఎదిగిన సంగతి అతనికి అలా తెలిసివస్తుంది. చివరకు తండ్రితో కలిసి తానే ఆ కుర్చీకి రంగు వేస్తాడు. అసూయ తప్పని కథలో ఎవరూ పాఠం చెప్పరు. ఈ పుస్తకం గొప్పతనం అక్కడే ఉంది.

ఇలాంటి కథను పెద్దలు చదివి వినిపించడంతో సరిపెట్టక, ప్రశ్నలడుగుతూ పిల్లల చేతనే కథ చెప్పించే పద్ధతిని సంభాషణాత్మక పఠనం అంటారు. పీటర్ ముఖం ఎందుకలా ఉందని అడిగిన తరువాత, జవాబు అందించకుండా ఆగడమే ఇందులో కష్టమైన భాగం. తులిక, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు తెలుగులో ప్రచురించిన బొమ్మల పుస్తకాలనూ ఇలాగే చదవవచ్చు. బిడ్డ ఒకే పుటను మళ్లీ మళ్లీ తిప్పమంటే, ఆ పుట దగ్గరే ఎక్కువసేపు నిలవడం మేలు.