ముల్లు చెప్పని లెక్క

(స్వర్ణోత్సవ సభలో 1983 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఇంగ్లండులో ఇన్నేళ్లున్నావు కదా, నీ విజయాల గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు. విజయాల గురించి మాట్లాడేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు జరగకుండా చూసే పాఠం నాకు ఈ బడిలోనే చెప్పారు. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. అవసరమైన రోజున మాత్రం గుర్తు రాలేదు.

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా ఒక పాత మోటర్‌హోమ్ కొనుక్కున్నాం. మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు అనుకోండి. పెద్ద వ్యానులోనే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉంటాయి. వంటకీ, వేణ్ణీళ్లకీ, చలికాలంలో హీటరుకీ గ్యాసే ఆధారం. బండి పక్కన చిన్న అర, అందులో రెండు సిలిండర్లు. ఒకటి వాడకానికి, రెండోది అవసరానికి.

ఒక ఏడాది అక్టోబరు ఆఖర్లో స్కాట్లండు కొండల్లోకి, ఏవీమోర్ అనే ఊరి దగ్గరికి వెళ్లాం. మా అమ్మాయి, ఎనిమిది నెలల మనవడు కూడా మాతో ఉన్నారు. ఆరు కిలోల కొత్త సిలిండరుతో బయల్దేరాం. దాని గొట్టానికి నేనొక చిన్న మీటరు బిగించాను. గడియారంలా గుండ్రంగా ఉంటుంది. ముల్లు పచ్చరంగులో ఉంటే గ్యాస్ ఉన్నట్టు, ఎర్రరంగులోకి వస్తే అయిపోయినట్టు అని నా లెక్క. మొదటి రోజు చూశాను, పచ్చ. రెండో రోజు చూశాను, పచ్చ. ముల్లు పెద్దగా కదల్లేదు. "చూశావా, ఎంత పొదుపుగా వాడుతున్నామో" అని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

మూడో రాత్రి రెండింటికి హీటరు ఆగిపోయింది. బయట మైనస్ నాలుగు డిగ్రీలు. టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే ముల్లు ఎర్రరంగు అడుగున పడి ఉంది. పడుకునే ముందు పచ్చలో చూసిన ముల్లే అది. సరేలే, రెండో సిలిండరు నిండుగా ఉంది కదా అని గొట్టం మార్చాను. హీటరు వెలగలేదు. పొయ్యి మీద నీలిమంట రెండు క్షణాలు రెపరెపలాడి ఆరిపోయింది. సిలిండరు ఎత్తి చూస్తే నిండు బరువు. లోపల ఏడు కిలోల గ్యాస్ ఉంది, బయటికి రావడం లేదు. లోపల పిల్లాడు చలికి ఏడుస్తున్నాడు. ఏళ్ల తరబడి ఇంజనీరుగా పనిచేసినవాణ్ని, ఆ అర ముందు నిలబడి ఏం చేయాలో తెలియలేదు.

చివరికి అందర్నీ బెల్టులు కట్టుకుని కూర్చోమని బండి స్టార్ట్ చేశాను. ఇంజను వేడితో పనిచేసే హీటరు వేరే ఉంటుంది కాబట్టి తెల్లారేదాకా ఇన్వర్‌నెస్ వైపు నెమ్మదిగా నడుపుతూ పోయాం. పిల్లాడికి ఏమీ కాలేదు. కానీ ఆ దారి పొడుగునా మా అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ డ్రైవింగులోనే మా సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన ఈరోజు ఇక్కడే ఉన్నారు. బాష్పపీడనం పాఠం చెబుతూ మమ్మల్ని క్లాసులోంచి మన బడి బావి దగ్గరికి తీసుకెళ్లారు. చేద వేయించి, "నిండుగా వచ్చిందా?" అని అడిగారు. "వచ్చింది సార్" అన్నాం. "అయితే బావిలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పండి" అన్నారు. ఎవరం చెప్పలేకపోయాం. బావి నిండుగా ఉన్నా చేద నిండుతుంది, అడుగున మూరెడు నీళ్లున్నా చేద నిండుతుంది. చేదని చూసి బావి లెక్క చెప్పలేం.

సిలిండరు కూడా అంతే. అందులో ఉండేది చాలావరకు ద్రవం. పైన కొద్ది జాగాలో ఆవిరి ఉంటుంది. మనం వాడేది ఆ ఆవిరినే. ఆవిరి తగ్గినకొద్దీ కింద ద్రవం మరిగి ఆ జాగా నింపుతుంది. కాబట్టి ఆరు కిలోలున్నా, అరకిలో ఉన్నా లోపలి ఒత్తిడి దాదాపు ఒకటే. ద్రవం పూర్తిగా అయిపోయాకే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఒత్తిడిని మార్చేది ముఖ్యంగా వేడీ చలీ. ఎండకి ముల్లు పైకి లేస్తుంది, చలికి కిందికి దిగుతుంది. నేను గ్యాస్ లెక్క అనుకుని మూడు రోజులు చూసింది వాతావరణం లెక్క.

ఇక రెండో సిలిండరు సంగతి. వాడకంలో ఉన్న ఎర్ర సిలిండరులో ప్రొపేన్. అది మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కాబట్టి అలాంటి చలిలోనూ ఆవిరి ఇస్తుంది. అవసరానికని పెట్టుకున్నది ఎండాకాలంలో మిగిలిన నీలం సిలిండరు, అందులో బ్యూటేన్. అది మరిగేది మైనస్ అర డిగ్రీ దగ్గర. మైనస్ నాలుగులో అది సీసాలో కదలకుండా కూర్చున్న ద్రవం మాత్రమే. నిండుగా ఉండటం వేరు, పనికిరావడం వేరు అని ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అమ్మ అంతా విని, "తడిగుడ్డ పెట్టి తుడవలేదట్రా?" అంది. మీ ఇళ్లలో కూడా చేసే ఉంటారు. పొయ్యి కాసేపు వెలిగాక సిలిండరంతా తడిగుడ్డతో తుడిస్తే పైభాగం త్వరగా ఆరుతుంది. ద్రవం ఉన్నంతమేర చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది. ఆ గీతే మట్టం. గోరువెచ్చటి నీళ్లు ఒక పక్కన పోసి చేత్తో తడిమినా చల్లదనం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ఇది కచ్చితమైన కొలత కాదు. కానీ నా మీటరు కంటే నయం.

కచ్చితంగా తెలియాలంటే తూకమే. మనం విమానం ఎక్కేముందు ఊరగాయల పెట్టె 23 కిలోలు దాటకుండా చూసుకునే కొక్కెం తూకం ఉంటుందే, దానితోనే ఇప్పుడు మా చిన్న సిలిండరు తూస్తాను. ఖాళీ బరువు సిలిండరు మీదే రాసి ఉంటుంది. మన ఇళ్లలో వాడే సిలిండరుకైతే పైన పిడి కింద నిలువు పట్టీ మీద చూడండి. ఖాళీ బరువు 15.3 అని ఉంటే, 14.2 కిలోల గ్యాస్‌తో కొత్తది 29.5 తూగాలి. వాడుతుండగా 20.3 తూగితే అయిదు కిలోలు మిగిలినట్టు. కొత్త సిలిండరు తెచ్చిన అబ్బాయిని తూచి చూపమని అడగండి, మొహమాటపడకండి.

రెండోది వాడకం లెక్క. కిలో గ్యాస్‌లో సుమారు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది. మా బండి హీటరు నాలుగు కిలోవాట్లు. పూర్తి జోరు మీద గంటకి మూడు వందల గ్రాములు పైనే తాగుతుంది. అంటే ఆరు కిలోలు ఇరవై గంటలు కూడా రావు. బయల్దేరేముందు కాగితం మీద ఒక్క భాగహారం చేసి ఉంటే మూడో రాత్రి సంగతి ఇంట్లోనే తెలిసేది. ఇప్పుడు సిలిండరు అడుగున అంటించి, శబ్దతరంగాలతో మట్టం కొలిచి ఫోనుకి పంపే పరికరాలు కూడా వచ్చాయి. ఒకటి కొన్నాను. అయినా తూకం మానలేదు.

ఆ మీటరు పారేశానా అంటే, లేదు. దానికీ ఒక పని ఉంది. పొయ్యి, హీటరు అన్నీ ఆపి, సిలిండరు వాల్వు తెరిచి మళ్లీ మూసేసి, పది నిమిషాలు ముల్లు చూస్తాను. ముల్లు దిగుతూ ఉంటే ఎక్కడో గ్యాస్ లీకవుతోందన్నమాట. తప్పు మీటరుది కాదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగింది నేను.

ఒక్క హెచ్చరిక చెప్పి ముగిస్తాను. గ్యాస్ అయిపోవస్తోందంటే సిలిండరుని పడుకోబెట్టడం, తలకిందులు చేయడం మనవాళ్లకి అలవాటు. మా ఇంట్లోనూ చేసేవాళ్లం. దయచేసి చేయకండి. ఆవిరి రావాల్సిన చోట ద్రవం వస్తుంది, రెగ్యులేటరు దాన్ని ఆపలేదు, మంట ఎగుస్తుంది. ఎప్పుడూ నిలువుగానే ఉంచండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే మోటర్‌హోమ్ అరకి అడుగునే కన్నాలు పెడతారు. మీ వంటింట్లో కూడా కింద గాలి పోయే దారి మూయకండి.

మాస్టారూ, బావి దగ్గర మీరడిగిన ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. చేద చూసి చెప్పలేం సార్, తాడుకి రాయి కట్టి దింపి కొలవాలి. మా మనవడికి ఇప్పుడు ఆరేళ్లు. ప్రయాణానికి ముందు సిలిండరు తూచే పని వాడిదే. కొక్కెం నేను పట్టుకుంటాను, అంకె వాడు చదువుతాడు, ఖాళీ బరువు వాడే తీసేస్తాడు. వాళ్లమ్మ పక్కన నిలబడి సరిచూస్తుంది.