వెలుగా, వేడియా?



నా వృత్తిజీవితము చాలవఱకు సిలేన్ వాయువుతో గడచినది. గాలి సోకినంతనే తనంత తానే మండి తెల్లని సిలికా పొడిగా రాలు ఈ వాయువుతో పనిచేయువాడు గొట్టముల కీళ్ళన్నియు పరీక్షింపక మీట త్రిప్పరాదు. 1964లో బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ నిర్మించిన కార్బన్ డయాక్సైడ్ లేసరు వెలువరించు, కంటికి కానరాని 10.6 మైక్రాన్ల కిరణమును సిలేన్ గాఢముగా పీల్చుకొనును. కిరణము వాయుధారకు అడ్డుపడిన చోట జ్వాల వెలుగును, సిలికన్ చూర్ణము పొగవలె లేచును. అమోనియా కలిపినచో సిలికన్ నైట్రైడు లభించును. ఈ విధానమును ఎం.ఐ.టి.లో హాగర్టీ, కానన్ గారలు తీర్చిదిద్దిరి.

ఆ జ్వాలను చూచిన ప్రతి విద్యార్థియు "లేసరు బంధమును తెంచినది" అని వ్రాసి తెచ్చును. ఈ తొందరయే నన్ను ఏండ్ల తరబడి కలవరపెట్టుచున్నది. నాయనా, లేసరు బదులు కొలిమి పెట్టియుండినచో ఏమగును? ఆ కిరణములోని ఫోటాను శక్తి 0.117 ఎలక్ట్రాన్ వోల్టులు. సిలేన్ నుండి హైడ్రోజన్ అణువు విడివడుటకు అట్టివి ఇరువదికి తక్కువ గాక కావలెను. అన్నింటిని మ్రింగులోపల, పీడనము హెచ్చుగా నున్నచో, అణువు పొరుగువానితో ఢీకొని ఆ శక్తిని పంచివేయును. అప్పుడు జరిగినది వేడివలని చర్యయే. పాత్ర గోడలు చల్లగా నుండుటచే చూర్ణము నిర్మలముగా వచ్చుట మాత్రము లేసరు ఘనతయే. అదియు సామాన్యము కాదు.

మఱి వెలుగు చేసినదని తెలియుటెట్లు? ప్రకృతిలోని సిలికన్‌లో నూటికి 92 వంతులు 28 ద్రవ్యసంఖ్య గల ఐసోటోపు. తక్కినవి 29, 30. ఈ భేదమును కొలిమి దాదాపుగా ఎఱుగదు; తగిన లేసరు ఎఱుగును. హెక్సాఫ్లోరోడైసిలేన్ వాయువుపై తగిన తరంగదైర్ఘ్యము గల లేసరు స్పందములను ప్రసరింపజేసినచో, బరువైన ఐసోటోపులు గల అణువులు ముందుగా విరుగునని 1980ల నాటి జపాను పరిశోధనలు చూపినవి. మా శాలలో ఒక విద్యార్థిని ఇట్టి ఫలితమునే సాధించి, వెంటనే ప్రచురింతమని పట్టుపట్టగా, పీడనము పెంచి చూడుమమ్మా అంటిని. అలిగినది, అయినను చేసినది. పీడనము పెరిగినకొలది భేదము తగ్గుచు వచ్చినది. ఆ తగ్గిన అంకెల పుటయే ఆమె సిద్ధాంతగ్రంథమునకు ప్రాణము. ఆ పుట లేనిచో తక్కినదంతయు నేను నమ్మియుండను.

నేడు పట్టభద్రులగుచున్న మీకందఱికిని బుద్ధి కలదు, చేతినేర్పును కలదు, ఓపికయే చాలదు. రేపు ఏ ప్రయోగశాలలో చేరినను, యంత్రముపై మొదటి దినమును, మీరు కారణమని తలచినదానిని తీసివేసి చూచు బ్లాంకు ప్రయోగమునకే అడిగి పుచ్చుకొనుడు. ఇయ్యమన్నను ఇచ్చువఱకు అడుగుడు.