రేవు పట్టణపు రుచి



ఒక యూరి పేరు చెప్పగానే మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఆ యూరి తినుబండారము. ఆత్రేయపురమనిన పూతరేకులు, తాపేశ్వరమనిన కాజా, బందరనిన లడ్డు. అచట కోట యున్నదా, కళాశాల యున్నదా యను విచారణ ఆ పిమ్మటిది. దీనిని జిహ్వచాపల్యమని కొందఱు పరిహసింపవచ్చును. కాని ఒక పట్టణము ఎవరితో వర్తకము చేసినది, ఎట్లు కష్టపడినది, ఏది పోగొట్టుకొన్నది, ఏది దక్కించుకొన్నది యను సంగతులు ఆ పట్టణపు వంటకములో దాగి యుండును. ఈ మాట నాకు బందరు పోయి వచ్చిన తరువాతనే తెలిసినది. నేడు ఆ ప్రయాణమును గూర్చియే మీతో ముచ్చటించెదను.

మాది భీమడోలు ప్రాంతము. ద్వారకా తిరుమల యాత్రకు వెళ్ళువారు రైలు దిగు ఊరు కావున మీలో అనేకులు దానిని ఎఱుగుదురు. నేను బందరు బయలుదేరిన నాటి యుదయమున మా మేనత్తగారు వీధి యరుగుపై కూర్చుండి యుండిరి. ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. నోట పండ్లు లేవు. నన్ను పిలిచి, "అబ్బాయీ, బందరు వెళుతున్నావుట. నాకు రెండు లడ్లు పట్టుకురా. తొక్కినవే తేవాలి సుమా! మరలో ఆడించినవి నాకొద్దు" అనిరి.

"నోట్లో వేసుకుంటే ఆ తేడా తెలుస్తుందా అత్తయ్యా?" యని నవ్వితిని.

"పళ్ళున్నవాడికి తెలియదురా. లేనిదానికి తెలుస్తుంది" అని ఆమె బదులు చెప్పిరి.

నా వెంట మా మేనల్లుడు కూడ వచ్చెను. అతడు సరకుల ఓడపై ఉద్యోగి. అనేక దేశముల రేవులు చూచినవాడు. ఇద్దఱమును ఏలూరు చేరి, అచటినుండి కొల్లేటి నడుమగా కైకలూరు, పెడనల మీదుగా సాగితిమి. నా బాల్యమున కొఱమేను, మట్టగిడస పట్టిన సరస్సు అది. 1970 దశకమునుండి చేపల చెఱువుల గట్లు దానిని క్రమ్ముకొన్నవి. 2006లో ప్రభుత్వము ఆ గట్లను పెక్కింటిని తెగగొట్టించినది. చెఱువులలో పెంచిన చేప లారీలకెక్కి దూరదేశములకు పోవుచున్నది గాని, మా యింటి పులుసునకు కొల్లేటి కొఱమేను దొరకుట మాత్రము అరుదైనది.

బందరు అను మాటకే రేవు అని యర్థము. గోలకొండ సుల్తానుల కాలమున అది ఆ రాజ్యమునకు ముఖద్వారము. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచట వర్తకపు కొఠీలు పెట్టిరి. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేయగా, పడవలు సరకును చేరవేయుచుండెడివి. కలంకారీ అద్దకపు వస్త్రములు ఆ రేవునుండియే దేశదేశములకు పోయినవి. పిమ్మట మేట వేసి రేవు మెరకయైనది. వర్తకము ఇతర రేవులకు తరలినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణమునను పరిసరములందును సుమారు 30,000 మంది మరణించిరి. డచ్చివారి సమాధులు నేటికిని బందరులో నున్నవి. వారి ఓడలు లేవు.

మేము దిగినది గిలకలదిండి చేపల రేవునకు సమీపమున ఒక మిత్రుని గృహము. మధ్యాహ్నము విస్తరిలో చందువ వేపుడు, రొయ్యల యిగురు, వంజరపు పులుసు వడ్డించిరి. పులుసు ముందునాటిది. మట్టి దాకలో రాత్రియంతయు నిలిచి, ముక్క ముక్కకును చింతపండు పులుపు పట్టినది. కొల్లేటివాడను గనుక నేను చేపలో తప్పెన్నుటకు వెనుదీయను. మా మంచినీటి చేపకు బురదవాసన యుండును. అందుచే ఉప్పు, పసుపు పట్టించి పలుమాఱు కడిగి, పులుపును కారమును దండిగా వేయుదుము. సముద్రపు చేపకు అంత హంగు అక్కఱలేదని ఆ యింటి యిల్లాలు చెప్పినది. "తాజా చేపకి మసాలా ఎందుకండీ? పాడైనదానికే కావాలి" అనినది. రెండవ మాఱు అన్నము కలుపుకొనుచు ఆ మాట నొప్పుకొంటిని.

సాయంకాలము మిఠాయి అంగళ్ళకు పోయితిమి. ముందుగా హల్వా. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను తేర్చి, బెల్లమును నెయ్యియు చేర్చి గంటల కొలది కలియబెట్టుదురు. చేయి ఆగినచో అడుగంటును. నల్లగా నిగనిగలాడుచు, వ్రేలితో నొక్కిన లొంగి మరల లేచును. బుందేల్ఖండునుండి వచ్చి స్థిరపడిన బొందిలీల వలన ఈ విద్య బందరునకు అబ్బినదని అచటివారు చెప్పుదురు. గోధుమ మన డెల్టా పంట కాదు. హల్వా యనునది అరబ్బీ మాట. అందలి బెల్లము, నెయ్యి మాత్రము మనవి. రేవు పట్టణపు వంట యనగా నిట్లుండును.

లడ్డు సంగతి వేఱు. మొదటి అంగడిలో కొన్నదానిని నోట వేసికొనగా నాలుక క్రింద ఇసుకవలె రవ్వ తగిలినది. మఱి నాలుగు వీధులు తిరిగిన పిదప ఒక సందులో రోకటి చప్పుడు వినబడినది. ఆ చప్పుడు వెంబడి పోయి ఒక వృద్ధుని పనిశాల చేరితిమి.

ఆయన పని చూపెను. శనగపిండిని నీటితో ముద్ద చేసి, చిల్లుల గిద్దెలలో నుంచి కాగిన నేతిలోనికి పూసగా ఒత్తి వేయింతురు. ఆ పూసను రోటిలో వేసి మెత్తగా తొక్కి జల్లింతురు. బెల్లపు పాకము పట్టి, ఆ పొడిని అందులో కలిపి, నేయి పోయుచు మరల తొక్కుదురు. పాకము లేతయైనచో ఉండ నిలువదు. ముదిరినచో రాయి యగును. తుదకు ఏలకుల పొడియు, జీడిపప్పును, కలకండ పలుకులును చేర్చి ఉండలు కట్టుదురు. రెండు మాఱులు తొక్కుటచేతనే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. 2017లో బందరు లడ్డునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతర స్థలములవారు ఆ పేరు పెట్టి అమ్మరాదని దాని భావము.

"పేరుకి రక్షణ వచ్చింది బాబూ. రోకలికి రాలేదు. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈ పనికి మనిషి దొరకడం లేదు. కొనేవాడు ధర అడుగుతాడు గాని పని అడగడు" అని ఆ వృద్ధుడు చెప్పెను.

"మర పెట్టుకోరాదా?" యని అడిగితిని.

"మర పొడి చేస్తుంది. తొక్కదు" అనెను.

ఆయన ఆర్డరు వచ్చిన దినములందే తొక్కించునట. ఆనాటి సరకు ఎవరో పెండ్లివారిది. బ్రతిమాలగా నాలుగు లడ్లు ఇచ్చెను. మొదటి అంగడి ధరకు ఇవి రెట్టింపు. బేరమాడుటకు నాకు నోరు రాలేదు.

తిరిగి వచ్చుచు మా మేనల్లుడు జపానులోని నాగసాకి రేవు ముచ్చట చెప్పెను. 1571లో పోర్చుగీసు ఓడలు ఆ రేవునకు రాసాగినవి. వారి వలన నేర్చిన తీపి రొట్టె యొకటి అచట కాసుతెరా యను పేర నేటికిని ప్రసిద్ధము. కోడిగ్రుడ్డు, పంచదార, గోధుమపిండి గిలకొట్టి కాల్చినది. వెన్న లేదు, పాలు లేవు. అడుగున పంచదార పలుకులు పంటికి తగులునట. పోర్చుగీసువారిని వెడలగొట్టిన తరువాత, 1641నుండి రెండు వందల యేండ్లకు పైగా ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే అచట వర్తకమునకు అనుమతి యుండెను. బందరులో కొఠీ పెట్టిన కంపెనీయే అది. మన కోరమాండల తీరపు అద్దకపు గుడ్డలు వారి ఓడలలో జపాను చేరినవి. ఇంకొక వంటకము చాంపాన్. 1899లో చీనానుండి వచ్చి అంగడి పెట్టిన యొకాయన, బీద విద్యార్థుల కడుపు నింపుటకై పంది మాంసమును, రొయ్యలును, కూరలును, సేమియా వంటి పిండి తీగలును ఒకే గిన్నెలో ఉడికించి పెట్టెనట. 1945 ఆగస్టు 9వ తేదీన అణుబాంబు ఆ నగరమును దగ్ధము చేసినది. అయినను ఆ రొట్టె, ఆ గిన్నె నిలిచినవి.

"ఎట్లు నిలిచినవిరా?" యని అడిగితిని.

"కొనేవాళ్ళు మానలేదు మామయ్యా. ఊరు దాటేవాడు ఒక పెట్టె కొనకుండా రైలెక్కడు" అనెను.

ఇల్లు చేరి మేనత్తగారి చేతిలో లడ్డు పెట్టితిని. ఆమె సగము విఱిచి నోట వేసికొని, కన్నులు మూసికొని, కొంత సేపటికి "తొక్కిందే" అనిరి. పిదప, "ఇంకో పది పోట్లు పడితే బాగుండును" అనిరి.

"నీకెట్లా తెలుసు అత్తయ్యా?"

"మా ఆడబిడ్డ పెళ్ళికి మూడు రోజులు తొక్కాం, నేనూ మా తోడికోడళ్ళూ. పాకం నేనే పట్టాను" అనిరి.

నేను నిర్విణ్ణుడనైతిని. ఏబది యేండ్లుగా ఆమెను ఎఱుగుదును. ఈ సంగతి ఎన్నడును ఆమె చెప్పలేదు, నేను అడుగలేదు. ఏ రుచి కొఱకు కొల్లేరు దాటి, నాలుగు వీధులు వెదకి, రెట్టింపు వెల పెట్టితినో, ఆ విద్య మా యరుగుపైననే కూర్చుండి యుండెను. మా రోలు పెరటిలో తులసికోట ప్రక్క బోర్లించి యున్నది. రోకలి యేమైనదో ఎవరికిని తెలియదు.

ఆ సంక్రాంతికి రోలు కడిగించితిమి. క్రొత్త రోకలి చేయించితిమి. మేనత్తగారు పీటపై కూర్చుండి చెప్పుచుండగా మా కోడండ్రు, కుఱ్ఱవాండ్రు వంతులవారీగా తొక్కిరి. మొదటి వాయి పాకము ముదిరి రాళ్ళైనది. రెండవ వాయి నిలిచినది. పెద్దకోడలు పాకపు కొలతలను కాగితముపై వ్రాసికొన్నది.

బందరునకు ఓడలు మరల రావచ్చును. 2023లో క్రొత్త రేవు పనులు ఆరంభమైనవి. రేవును ప్రభుత్వము కట్టగలదు. రోకటి పట్టును ఏ ప్రభుత్వమును కట్టలేదు. అది చేతినుండి చేతికి రావలసినదే. కావున పెద్దలారా, మీరు బందరు పోయినప్పుడు ధరతోబాటు పనిని గూడ అడుగుడు. చేతిపనికి తగిన వెల నిండు. అంతకు ముందు మీ యరుగుపై కూర్చున్న ముసలమ్మను, చిన్ననాట ఏమి వండితివమ్మా యని ఒక్కమాఱు అడిగి చూడుడు.