కాళ్ళు కావాలి గానీ నోరు వద్దా?



మన మీటింగుల్లో ఒక సంగతి మేము చూస్తూనే ఉన్నాం. జెండా కట్టమంటే పదిమంది లేస్తారు. దరఖాస్తు రాయమంటే ఇద్దరు లేస్తారు. మైకు పట్టమంటే మాత్రం తలలు దించుకుంటారు. ఎందుకురా అంటే "నాకు మాట తిరగదన్నా, నవ్వుతారు" అంటారు. అందుకే ఇవాళ ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారిణి అలెక్స్ స్కాట్ సంగతి చెప్పుకుందాం.

ఆమె 1984లో తూర్పు లండన్‌లోని పోప్లర్‌లో పుట్టింది. ఒకప్పుడు ఓడరేవు కూలీలు బతికిన పేట అది. తండ్రివైపు వాళ్ళది జమైకా నల్లజాతి. సర్కారు కట్టించిన ఇళ్ళ మధ్య, ఇనుప వల చుట్టిన గట్టి నేల మీద మగపిల్లలతో కలిసి ఆట నేర్చింది. 8 ఏళ్ళకే ఆర్సెనల్ క్లబ్బులో చేరింది.

ఆ దేశంలో ఆడవాళ్ళ ఆటకు ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు జట్లు కట్టి ఆడారు. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారు. పెద్దమనుషులకు కన్నుకుట్టింది. 1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడరాదని తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్ళ ఒంటికి పడదట! మనకు ఊరబావిని మూసినట్టు వాళ్ళకు మైదానాన్ని మూసేశారు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది.

అందువల్ల స్కాట్ ఆడే నాటికి కూడా ఆడవాళ్ళ ఆటలో కూడు లేదు. అదే క్లబ్బు లాండ్రీలో మగ ఆటగాళ్ళ బట్టలు ఉతికి ఆమె బతికింది. పగలు వాళ్ళ చెమట బట్టలు ఉతకడం, సాయంత్రం తన ఆట ఆడుకోవడం. 2007లో స్వీడన్‌కు చెందిన ఉమెయో జట్టు మీద ఆఖరి నిమిషాల్లో గోలు కొట్టింది. ఆ గోలుతోనే ఆర్సెనల్ ఆడవాళ్ళు ఐరోపా కప్పు గెలిచారు. దేశం తరఫున 140 మ్యాచ్‌లు ఆడింది. 2018లో ఆట మానుకుంది.

ఆట ఆడినంతకాలం జనం చప్పట్లు కొట్టారు. అసలు తంటా ఆమె మైకు పట్టినాక మొదలైంది. ఆమె ఊరికే వెళ్ళి టీవీలో కూర్చోలేదు. ఆడుతూనే స్టాఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో క్రీడా రచన, ప్రసారాల డిగ్రీ చదివింది. 2018లో మగవాళ్ళ ప్రపంచ కప్పును బీబీసీలో విశ్లేషించిన మొదటి మహిళ అయింది. ఇక చూడండి! లెక్క సరిచూపడానికి తెచ్చి కూర్చోబెట్టారని ఎత్తిపొడుపులు. చంపుతామని బెదిరింపులు. మన పిల్ల ఉద్యోగంలో చేరితే "రిజర్వేషను సరుకు" అనే నోళ్ళు ఇక్కడ లేవా? అక్కడా ఉన్నాయి.

2021లో టోక్యో ఒలింపిక్స్ కార్యక్రమాలు నడుపుతుంటే, మునుపు మంత్రిగా చేసిన డిగ్బీ జోన్స్ అనే ప్రభువుకు ఆమె మాట చెవుల్లో ముల్లయింది. స్విమ్మింగ్ అనకుండా "స్విమ్మిన్" అంటోందట, చివరి "గ" మింగేస్తోందట! ఆట గురించి ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టలేక పలుకులో తప్పు పట్టాడు. తూర్పు లండన్ కూలిజనం మాట్లాడేది అట్లాగే. ఆమె సిగ్గుపడలేదు. పోప్లర్ కష్టజీవుల ఇంటి బిడ్డనని, అది తనకు గర్వమని బదులు చెప్పింది. పలుకు మార్చుకోలేదు. ఆ మరుసటి నెలలోనే, 1974లో మొదలైన "ఫుట్‌బాల్ ఫోకస్" అనే కార్యక్రమాన్ని పూర్తికాలం నడిపే మొదటి మహిళగా కూర్చుంది.

రంగూ కులమూ ఒకటేనని మేము అనడం లేదు. ఒక్క మనిషి తెర మీదికి ఎక్కితే పేటంతా ఎక్కినట్టూ కాదు. అయితే రెండుచోట్లా పెత్తందారు ఆడే నాటకం ఒకటే. మన కాళ్ళు, చేతులు వాడికి కావాలి. మనం పరిగెత్తితే చూస్తాడు, డప్పు కొడితే వింటాడు, బట్టలుతికితే తొడుక్కుంటాడు. ఫలానిది తప్పు, ఫలానిది ఒప్పు అని మనం తీర్పు చెబితే మాత్రం వాడికి ఒళ్ళు మండుతుంది. అప్పుడు "శ" పలకలేదంటాడు, "ణ" పలకలేదంటాడు, ఒత్తు పోయిందంటాడు. మనం చెప్పే కూలి రేటు సంగతి, శ్మశానం సంగతి, స్కాలర్‌షిప్పు సంగతి పక్కకు పోతుంది. మన యాస మీద నవ్వు మిగులుతుంది. మన నోరు మూయించడానికి లాఠీ కన్నా ఈ నవ్వే ఎక్కువ పనిచేసింది.

కాబట్టి రెండు మాటలు. స్కాట్ చదివినట్టు చదవండి, సంగతి పక్కాగా తెలుసుకోండి. తారీఖు, అంకె, జీవో నంబరు తప్పు పోనివ్వకండి. పలుకు మాత్రం అమ్మ నేర్పిందే ఉంచుకోండి. రెండోది, వచ్చే మీటింగు నుంచి మొదట మాట్లాడేది మన అక్కచెల్లెళ్ళే. ఎవరి పలుకు మీదా ఎవరూ నవ్వకూడదు. ముందు మనలో మనం నవ్వడం మానుకోవాలి.

మన అవ్వ "జై బీమ్" అంటుంది. ఒత్తు లేదని అంబేద్కర్ వినడా? వింటాడు.

జై భీమ్! జై బీమ్!